త్రాడు తెగక మునుపు

చేదబావి గిలకమీదుగా నీళ్లు తోడిన ఇల్లాండ్రకు త్రాటిని గూర్చి ఎవరును పాఠము చెప్పలేదు. అయినను చేంతాడు ఎక్కడ ముందుగా చీకిపోవునో వారికి తెలియును. గిలకను ఒరసికొను చోటు ఒకటి. బొక్కెన కంఠమున ముడి పడిన చోటు రెండవది. బొక్కెన దింపక మునుపే ఆ రెండు తావులను వ్రేళ్ల నడుమ పట్టి చూతురు. పీచు లేచినట్లు తోచినచో చీకిన మూరను కోసివేసి కొత్త చోట ముడి వేయుదురు. ఇంత చూచినను ఒక్కొక్కప్పుడు త్రాడు తెగును. బొక్కెన బావిలో పడును. పొరుగింటినుండి పాతాళగరిగెను తెచ్చి, పిల్లలందరు బావిచుట్టు మూగి చూచుచుండగా, దానిని వెదకి పైకి తీయుదురు. నష్టమంతయు అంతటితో సరి. పిల్లలకైతే అది ఒక పండుగ.

బొక్కెనకు మారుగా పది టన్నుల యంత్రభాగమును, నూతికి మారుగా ఓడ గర్భమును, అందులో వంగి పనిచేయుచున్న కూలీలను ఊహించుకొనుడు. అచ్చట త్రాడు తెగినచో తిరిగి తీయుటకు పాతాళగరిగె లేదు. కాబట్టి రేవులలోను, గనులలోను, కర్మాగారములలోను, ఎత్తైన కట్టడముల వద్దను, బరువునెత్తు సాధనములను పనికి ముందు పరీక్షించుట ఒక ప్రత్యేకమైన విద్యగా వృద్ధి చెందినది. ఆ విద్య ఇల్లాలి రెండు వ్రేళ్లతోనే ప్రారంభమైనదనిన అతిశయోక్తి కాదు. నేటికిని దానిలో సగము చూపు, సగము కొలత. కొంత భౌతికశాస్త్రము, కొంత రసాయనశాస్త్రము, కొంత త్రికోణమితి అందులో నున్నవి గావున, పాఠశాలలో చెప్పెడి లెక్కలకు లోకములో నేమి పని యని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి సమాధానము దొరకుట కష్టము.

తెలుగువారికి ఈ పని కొత్త కాదు. 1933లో విశాఖపట్టణపు రేవు ఆరంభమయ్యెను. 1941లో అచ్చటనే నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగెను. 1948లో ‘జల ఉష’ యను నౌక అక్కడనుండి సముద్రములోనికి దిగెను. క్రేను క్రింద నిలిచి బరువునకు త్రాళ్లు తగిలించి, చేసైగతో పైవానికి ఆజ్ఞలిచ్చు పనివారిని ఖలాసీలందురు. వారి భాష వేరు. ‘హబేస్’ అనిన ఎత్తుము. ‘ఆరియా’ అనిన దింపుము. ఈ రెండవ మాట పోర్చుగీసు నావికుల నోటనుండి వచ్చి మన రేవులలో స్థిరపడినది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన పడవను అక్టోబరు 22న పైకి లాగినవారును కాకినాడనుండి వచ్చిన ఇట్టి త్రాటిపనివారే. వారి చేతనున్నవి లంగరులు, ఉక్కుత్రాళ్లు, ఓర్పు.

బరువునకును క్రేనునకును నడుమ నుండు సామగ్రి బహు స్వల్పము: ఉక్కుతీగల త్రాడు, గొలుసు, కొక్కెము, గుర్రపులాడమువలె వంచి నోటికి అడ్డముగా పిన్ను బిగించిన షాకిల్, బరువును చుట్టి కట్టు స్లింగు. క్రేను కోట్ల వెల చేసినను, దాని బరువంతయు కడకు వ్రేలాడునది ఈ చిల్లర సామానుమీదనే. చిల్లర గనుకనే దానిని నిర్లక్ష్యము చేయుటయు సులభము.

ఉక్కుత్రాటి పుట్టుకలోనే దానిని పరీక్షించు విద్యయొక్క రహస్యమున్నది. జర్మనీలో హార్జ్ పర్వతప్రాంతమున క్లౌస్టాల్ అను గనుల పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున అచ్చటి గనులనుండి ఖనిజమును జనపనార మోకులతోగాని ఇనుప గొలుసులతోగాని పైకి లాగుచుండిరి. గనులు లోతైన కొలది మోకులు తేమకు క్రుళ్లసాగెను. గొలుసులు మాటిమాటికి తెగసాగెను. గొలుసునకు ఒక దుర్గుణము కలదు. వేయి లంకెలున్నను, ఒక్క లంకెలో కంటికి కానరాని చీలిక పుట్టినచో గొలుసంతయు వ్యర్థము. పైగా అది తెగబోవుచున్నట్లు ముందు చెప్పదు. నిన్న మోసిన బరువునే నేడును మోయుచు, ఉన్నట్లుండి తెగును.

ఆ గనుల అధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్. 1787లో హానోవరున జన్మించినవాడు, చదివినది న్యాయశాస్త్రము. ఆయన 1829 ప్రాంతమున గని గొలుసులకు ఒకే బరువును మరల మరల తగిలించుచు, దించుచు పరీక్షలు జరిపెను. ఒక్కసారి మోయగలిగిన బరువునే వేలసార్లు మోయవలసివచ్చినపుడు ఇనుము ఏల తెగునని ఆయన సందేహము. లోహముల అలసటను గూర్చిన మొదటి ప్రయోగములుగా వానిని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ విచారణనుండి ఆయనకొక ఊహ కలిగెను: నార మోకును పేనినట్లు ఇనుప తీగలను పేనరాదా? 1834 జులై 23న కారొలీన్ అను గనిలో ఆయన తీగత్రాడు పనికి దిగెను. దాని నిర్మాణము మన పల్లెలో పేనెడి మూడుపేటల త్రాటివంటిదే. మూడు పేటలు, ఒక్కొక్క పేటలో మూడున్నర మిల్లీమీటర్ల మందముగల నాలుగు తీగలు. మొత్తము పన్నెండు తీగలు. అదంతయు చేతితో పేనినదే.

ఆ పన్నెండు తీగలు గొలుసుకంటె నమ్మదగినవి ఎట్లయ్యెను? గొలుసులో లంకెలు ఒకదాని క్రింద నొకటి వ్రేలాడును. ఒకటి పోయిన అన్నియు పోవును. త్రాటిలో తీగలు ఒకదాని ప్రక్క నొకటి నిలిచి బరువును పంచుకొనును. ఒక తీగ తెగినచో దాని వంతును ప్రక్క తీగలు మోయును. అంతేగాదు, పేనుటవలన తీగలు ఒకదానినొకటి నొక్కుకొని యుండును గావున, తెగిన తీగ సహితము కొంత దూరము పోవుసరికి ఆ రాపిడి బలముచే మరల తన వంతు బరువును అందుకొనును. కాబట్టి త్రాడు ఒక్కసారిగా చావదు; తీగవెంట తీగగా చచ్చును. చచ్చుచు తన సంగతి చెప్పును. తెగిన కొనలు ముళ్లవలె పైకి లేచి చూచువానికి కనబడును. గొలుసు దాచును, త్రాడు చెప్పును. ఇక ఆ మాట వినువాడొకడు కావలెను.

నేటి క్రేను త్రాళ్లలో సాధారణముగా ఆరు పేటలుండును. పేటకు పందొమ్మిదో, ముప్పదియారో తీగలుండును. నడుమ ఒక హీరు ఉండును. అది నారతో చేసినదైనచో నూనె పీల్చుకొని, త్రాడు వంగినప్పుడెల్ల కొంచెము కొంచెముగా లోపలి తీగలకు అందించును. త్రాడు గిలకమీద ఎక్కి దిగిన ప్రతిసారి దానిలోని ప్రతి తీగయు వంగి, మరల నిటారగును. ఒక సన్నని ఇనుప తీగను తీసికొని విద్యార్థులే పరీక్షించి చూడవచ్చును. ఎంత లాగినను తెగని తీగ ఒకేచోట పదిసార్లు అటునిటు వంచినంతనే పుటుక్కున విరుగును. క్రేను త్రాటికి జరుగునదియు ఇదే. వంపు స్వల్పము గావున పదిమార్లకు మారుగా అనేకవేలమార్లు పట్టును. గిలక చిన్నదైన కొలది వంపు బలమగును, ఆయువు తగ్గును. పెద్ద త్రాటిని చిన్న గిలకమీద నడపుట లోభికి లాభముగా తోచు పని. ఆ లాభమును త్రాడు చెల్లించును.

త్రాటిని పరీక్షించువాడు మొదట దానిని తుడుచును. మురికిక్రింద ఏమున్నదో ఎవరికిని తెలియదు. తరువాత ఒక గుడ్డపేలికను త్రాటిచుట్టు వదులుగా పట్టి, త్రాడు మెల్లగా జరుగుచుండగా దానిని పోనిచ్చును. తెగిన తీగకొన యున్నచోట గుడ్డ చిక్కుకొనును. అచ్చట ఆపి కన్నులతో చూచును. వట్టి చేతితో ఈ పని చేయరాదు; ఆ తీగకొన సూదికంటె వాడి. పిదప తెగిన తీగలను లెక్కపెట్టును. లెక్కకు ఒక హద్దు కావలెను గదా! ఒక పేట త్రాటిచుట్టు ఒకసారి పూర్తిగా తిరిగి వచ్చిన నిడివిని కొలతగా తీసికొందురు. స్లింగుగా వాడు మామూలు తీగత్రాటిలో ఆ ఒక్క చుట్టు నిడివియందు చెదురుమదురుగా 10 తీగలు తెగినను, ఒకే పేటలో 5 తీగలు తెగినను అది పనికిరాదని అమెరికా ప్రమాణములు చెప్పుచున్నవి. వందకుమించిన తీగలలో పది పోయినంతమాత్రమున త్రాడు తెగదు. తెగదు గనుకనే అప్పుడు తీసివేయవలెను. తెగునంతవరకు ఆగినవానికి పరీక్షతో పని యేమి?

పిదప మందము కొలుచును. ఇక్కడ కొత్తవాడు తప్పు చేయుట కద్దు. ఆరు పేటల త్రాడు అడ్డముగా కోసి చూచిన పువ్వువలె నుండును. మిట్టలును పల్లములును కలదు. కొలత పనిముట్టు దవడలు ఎదురెదురు మిట్టలపై ఆనవలెను. పల్లములపై ఆనినచో కొలత తక్కువ వచ్చి మంచి త్రాడు చెడ్డదిగా తోచును. సరిగా కొలిచినను ఒకచోట త్రాడు హఠాత్తుగా సన్నబడియున్నచో లోపలి హీరు నలిగిపోయినదనియో, కుళ్లినదనియో గ్రహింపవలెను. లోపలి తుప్పు వేరొక గండము. పైకి నల్లగా నిగనిగలాడు త్రాటి పేటల సందునుండి ఎర్రని పొడి రాలుచున్నచో దానిని నమ్మరాదు. మెలికపడి, బరువుతో లాగబడి, మరల చక్కజేయబడిన త్రాడును అట్టిదే. మెలిక పోవును గాని అచ్చటి తీగల గాయము పోదు. ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా బరువు వదలినందున పేటలు విచ్చుకొని పక్షిపంజరమువలె ఉబ్బును. అట్టి పంజరమును సుత్తితో కొట్టి లోనికి పంపు ప్రబుద్ధులు లేకపోలేదు.

ఇక పోషణ. సముద్రపు గాలిలో ఉప్పున్నది. విశాఖ, కాకినాడవంటి తీరములలో ఆరుబయట పడియున్న త్రాడు పనిచేసి అరిగినదానికంటె పని లేక తుప్పుపట్టుటయే ముందు. త్రాటిని నేలమీద పడవేయక చట్టములపై వ్రేలాడదీయవలెను. తుడిచి, ఆరిన పిమ్మట లోనికి ఇంకునట్టి తగిన కందెన పూయవలెను. మోటారు బండ్లనుండి తీసివేసిన పాడైన నూనెను పూయుట అంతటను కనబడు దురలవాటు. ఆ నూనెలో ఆమ్లములును, లోహపు రజమును ఉండును. అది పోషణ కాదు. చూచువారి కన్నులకు పూసిన కాటుక.

తీగత్రాటి కొనను వెనుకకు మడిచి క్లిప్పులతో బిగించి కన్నుగా చేయుటలో ఒక చిక్కున్నది. క్లిప్పునకు రెండు భాగములు: గట్టిగా ఒత్తుకొను జీనువంటి దిమ్మ ఒకటి, ఆంగ్లాక్షరము ‘యు’ వలె వంగిన బోల్టు రెండవది. బరువు మోయు త్రాటిపై దిమ్మ రావలెను. మడిచిన వట్టి కొనపై బోల్టు రావలెను. తిరగవేసినచో బోల్టు, బరువు మోయు తీగలనే కొరుకును. చచ్చిన గుర్రముపై జీను వేయరాదని ఆంగ్ల దేశపు త్రాటిపనివారు శిష్యులకు చెప్పు జ్ఞాపకసూత్రము దీనికొరకే పుట్టినది. మొదటి బరువునెత్తిన పిమ్మట త్రాడు సాగి సన్నబడును గావున నట్లను మరల బిగింపవలెను. ఈ రెండవ బిగింపును మరచువారు నూటికి ఎందరో!

కొక్కెము సంగతి మరి కొంత చిత్రమైనది. దానిని పెళుసైన లోహముతో చేయరు. సాగుగుణముగల ఉక్కును కాచి, సాగగొట్టి చేయుదురు. మితిమీరిన బరువు పడినచో అది విరుగుటకు ముందు మెల్లగా నోరు తెరవవలెనని దాని ఉద్దేశము. కొక్కెము నోరు తెరచుటయే దాని ఫిర్యాదు. ఆ ఫిర్యాదును వినుటకు ఒక సులువైన ఉపాయము కలదు. కొక్కెము కొత్తదిగా నున్నప్పుడే నోటికి ఇరువైపుల రెండు చుక్కలు పొడిచి, వాని నడుమ దూరమును పుస్తకమున వ్రాసికొందురు. తరువాత ప్రతి పరీక్షలోను ఆ చుక్కల నడుమ కొలుచుటయే. అదనముగా నూటికి అయిదు వంతులు తెరచుకొనినను, కంటికి కనబడునంత మెలి తిరిగినను, అడుగున పదవవంతు అరిగినను దానిని తీసివేయవలెను. నలువది మిల్లీమీటర్ల నోరు నలువదిరెండైనచో దాని కథ ముగిసినదన్న మాట. కాచి వంచి మరల చక్కజేయరాదు. పగులును వెల్డింగుతో పూడ్చరాదు. నిప్పు తగిలిన చోట ఉక్కు గుణమే మారిపోవును. కన్నులకు కనబడని పగుళ్లకొరకు రంగునీటి పరీక్ష చేయుదురు. ఎర్రని ద్రవమును పూసి, కొంతసేపాగి తుడిచి, తెల్లని పొడి చల్లినచో పగులులో దాగిన ఎరుపు సన్నని గీతగా పైకి వచ్చును.

షాకిల్ విషయమున జరుగు అపరాధము ప్రధానముగా నొక్కటే. దాని పిన్ను పోయినప్పుడు చేతికందిన బోల్టును దూర్చుట. పిన్నును ప్రత్యేకమైన ఉక్కుతో, ఆ షాకిల్ కొలతకే చేయుదురు. సంతలో దొరికిన బోల్టు చూచుటకు అంతే లావుండును. బరువు పడినప్పుడు వంగును.

గొలుసులు నేడు మిశ్రమ ఉక్కుతో వచ్చుచున్నవి గనుక ఆల్బర్ట్ కాలపు గొలుసులకంటె ఎన్నియో రెట్లు మేలు. అయినను వాని నిడివిని కొత్తనాటి నిడివితో పోల్చి, సాగినదా లేదా యని ప్రతి లంకెను విడివిడిగా త్రిప్పి చూడవలసినదే. కృత్రిమ నూలుతో నేసిన పట్టీలు తేలికయై, రంగువేసిన వస్తువులకు గాటు పడనీయవు గావున వ్యాప్తిలోనికి వచ్చినవి. వీనిలో రసాయనశాస్త్రపు ముచ్చటయొకటి కలదు. నైలాను పట్టీని ఆమ్లములు తినును, క్షారములు తినవు. పాలియెస్టరు పట్టీకి క్షారములు శత్రువులు, ఆమ్లములను అది చాలవరకు సహించును. రెండును తెల్లగా ఒకే తీరున కనబడును. ఏది ఏదో తెలియుటకు అంచున కుట్టిన చీటీ యొక్కటే ఆధారము. చీటీ ఊడిపోయిన పట్టీని ఎంత కొత్తదైనను పనిలోనికి తీసికొనరాదనుట ఇందులకే.

సాధనములన్నియు నిర్దోషములైనను లెక్క తప్పినచో ప్రమాదము తప్పదు. ఒక టన్ను బరువును రెండు త్రాళ్లతో ఎత్తుచున్నారు. చెరి అరటన్ను మోయునని ఎవరికైనను తోచును. త్రాళ్లు రెండును నిటారుగా దిగినప్పుడు మాత్రమే అది నిజము. రెండును ఒకే కొక్కెమునుండి బయలుదేరి వాలుగా బరువు రెండు కొనలను పట్టుకొనినప్పుడు, నేలకు సమాంతరముగా నుండు గీతతో త్రాడు చేయు కోణము 60 డిగ్రీలైనచో ఒక్కొక్క త్రాటిపై పడు లాగుడు 577 కిలోలు; 45 డిగ్రీలైనచో 707 కిలోలు; 30 డిగ్రీలైనచో సంపూర్ణముగా 1000 కిలోలు. అనగా రెండు త్రాళ్లలో ప్రతిదియు తానే బరువంతయు మోయుచున్నట్లు! కోణము 10 డిగ్రీలకు దిగినచో ఒక్కొక్కదానిపై దాదాపు 2,880 కిలోలు. బరువులో సగమును ఆ కోణపు సైనుతో భాగించిన వచ్చు ఫలమే ఇది. ఉపాధ్యాయులు రెండు స్ప్రింగు త్రాసులను, ఒక ఇటుకను తెచ్చి తరగతిలో దీనిని చూపవచ్చును. త్రాసులను దూరముగా జరిపిన కొలది ముళ్లు పైకి ఎగబ్రాకుట చూచిన పిల్లవాడు సైను పట్టికను మరల తేలికగా మరువడు. పొట్టి త్రాడుతో పొడుగు బరువునెత్తబోవు మేస్త్రీకి సైను పేరు తెలియకున్నను, ఆ పట్టిక అతని నెత్తిమీదనే వ్రేలాడుచున్నది.

ఇన్ని అనిశ్చితములున్నవి గావుననే త్రాటిని దాని సంపూర్ణ బలమునకు ఎన్నడును వాడరు. అయిదు టన్నులకు తెగు తీగత్రాటి స్లింగునకు ఒక టన్ను మాత్రమే తగిలింతురు. గొలుసునకైతే నాలుగింట నొకటి. మిగిలిన నాలుగు వంతులు ఆకస్మికమైన కుదుపునకును, అరుగుదలకును, తెలియని దోషములకును కేటాయించిన నిధి. ‘అయిదు టన్నులు మోయగలదట, రెండు పెట్టిన నేమి?’ అను ప్రశ్న ప్రతి పనిచోటను వినబడును. ఆ నిధి ఎవరికొరకు దాచినదో తెలిపెడి కథ అమెరికాలో జరిగినది.

న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ వంతెనను కట్టుచున్న కాలము. దానిని సంకల్పించిన జాన్ రోబ్లింగ్, 1841లో శాక్సన్‌బర్గ్ అను గ్రామమున తీగత్రాళ్లను పేని ఆ దేశమునకు పరిచయము చేసినవాడు. ఆయన మరణించిన పిమ్మట కుమారుడు వాషింగ్టన్ రోబ్లింగ్ పనిని చేపట్టి, నదిగర్భమున ఒత్తిడిగాలి గదులలో పనిచేసి జబ్బుపడి మంచము పట్టెను. వంతెనను మోయు నాలుగు మహారజ్జువులకు కావలసిన ఉక్కుతీగను సరఫరాచేయు గుత్త జె. లాయిడ్ హేయ్ అను వర్తకునికి దక్కెను. నియమము కఠినమైనదే. తీగ చుట్టలను ఆతని కర్మాగారమునందే పరీక్షకులు లాగి, వంచి, చూచి, మంచివానికి యోగ్యతాపత్రమిత్తురు; ఆ పత్రముతో బండి వంతెన యొద్దకు పోవును. ఇంతకంటె జాగ్రత్త యేమి కావలెను?

1878 జులైలో అసలు సంగతి బయటపడెను. మంచి తీగతో బయలుదేరిన బండి దారిలో ఒక భవనము వద్ద ఆగుచుండెను. అచ్చట మంచి చుట్టలు దిగును. పరీక్షలో త్రోసివేయబడిన చుట్టలు ఎక్కును. పత్రము మాత్రము మారదు. దిగిన మంచి చుట్టలు కర్మాగారమునకు తిరిగిపోయి, మరల పరీక్షకుని ముందు నిలిచి, మరల యోగ్యతాపత్రము పొందును. పరీక్షకుడు అబద్ధమాడలేదు, ఏమరుపాటు చెందలేదు. ఆయన చూచినది నిజముగా మంచి తీగయే. చూచిన తీగయు వంతెనకు చేరిన తీగయు ఒకటేనా యని మాత్రము ఎవరును చూడలేదు.

చెడ్డ తీగ అప్పటికే రజ్జువులలో పేర్చబడి యుండెను. దానిని ఏరి తీయుట అసాధ్యము. మంచముపై నున్న రోబ్లింగ్ లెక్క వేసెను. ఆయన రజ్జువులను కావలసిన బలమునకు ఆరు రెట్లుగా నిర్ణయించియుండెను. మోసము వలన నష్టపోయినది పోగా ఇంకను అయిదు రెట్ల బలము మిగులుననియు, ప్రతి రజ్జువునకు సుమారు 150 తీగలు అదనముగా చేర్చవలెననియు, ఆ ఖర్చు వర్తకుడే భరింపవలెననియు తేల్చెను. 1883లో వంతెన తెరవబడెను. హేయ్ అమ్మిన చెడ్డ తీగ నేటికిని ఆ రజ్జువులలోనే యున్నది. దానిమీదుగానే జనులు నడచుచున్నారు. ఆరు రెట్లు అనవసరపు దుబారా యని ఆనాడు ఎవరైన గణకుడు తగ్గించి యున్నచో ఏమై యుండునో చెప్పనక్కరలేదు.

బ్రూక్లినులో చూచిన వస్తువు వేరు, వాడిన వస్తువు వేరు. 147 సంవత్సరముల తరువాత లిస్బన్‌లో చూచిన చోటు వేరు, తెగిన చోటు వేరు. పోర్చుగల్ రాజధానియైన ఆ నగరమున నిట్రమైన వీధిలో గ్లోరియా అను పేరుగల త్రాటిబండి 1885 నుండి నడచుచుండెను. ఒకే త్రాటికి రెండు కొనల రెండు బండ్లు. ఒకటి దిగుచుండగా మరియొకటి ఎక్కును. మన గిలకబావిపై రెండు బొక్కెనలు కట్టినట్లే. 2025 సెప్టెంబరు 3న పై బండికి త్రాడు బిగించిన చోట ఊడిపోయెను. బండి వాలుననుసరించి దిగి, పట్టాలు తప్పి, ఒక భవనమును ఢీకొనెను. పదునారుగురు మరణించిరి. ఆనాటి ఉదయమే పరీక్ష జరిగినట్లును, దోషమేదియు కనబడనట్లును నమోదై యుండెను. ఊడిన చోటు బండి అడుగున, విప్పినగాని కనబడని తావున నున్నదని దర్యాప్తువారు తెలిపిరి. ఆ త్రాడు మనుష్యులను మోయుటకు ధ్రువపరుపబడినది కాదని అక్టోబరు నాటి ప్రాథమిక నివేదికలో వ్రాసిరి. ఇల్లాలు ముడిని విప్పి చూచునది ఇందుకే గాబోలు.

భారతదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 29వ సెక్షనులో ఈ సాధనములను గూర్చి ప్రత్యేకముగా శాసించెను. ప్రతి క్రేనును, గొలుసును, త్రాటిని పన్నెండు నెలలకు ఒకమారైనను అర్హుడైన వ్యక్తి క్షుణ్ణముగా పరీక్షించి పుస్తకమున వ్రాయవలెను. ఎంత బరువు మోయునో దానిపై స్పష్టముగా గుర్తింపవలెను. అంతకు మించి ఎత్తరాదు. మనుష్యులెక్కు లిఫ్టులకు గడువు ఆరు నెలలే. 2025 నవంబరులో ఆ చట్టము స్థానమున కొత్త వృత్తిభద్రతా స్మృతి అమలులోనికి వచ్చెను. చట్టములు మారినను త్రాటి స్వభావము మారదు. సంవత్సరమున కొకనాడు వచ్చు పరీక్షకుడు మిగిలిన 364 దినములు ఆ త్రాటి ప్రక్క నుండడు. ఆ దినములలో దానిని చూచువాడు ఖలాసీ. కొన్ని కర్మాగారములలో మూడు నెలల కొకమారు పరీక్షించి, నెగ్గిన ప్రతి సాధనమునకు ఆ త్రైమాసికపు రంగు పూయుదురు. చదువురాని కూలీ సహితము రంగు చూచి, ఇది పరీక్షకు నిలిచినదా లేదా యని ఒక్క క్షణమున తెలిసికొనగలడు.

క్రేనునే పరీక్షించు దినము మరి ప్రమాదకరమైనది. నిర్ణీత బరువుకంటె ఎక్కువ ఎత్తి చూచుటయే ఆ పరీక్ష. ఇరువది టన్నుల లోపు క్రేనులకు సాధారణముగా నాలుగవ వంతు అదనముగా తగిలింతురు. దోషమున్నచో బయటపడవలసినది అప్పుడే. కావున ఆ సమయమున క్రేనుమీదను, దాని నీడలోను అవసరమునకు మించి ఒక్క మనుష్యుడును ఉండరాదు. 2020 ఆగస్టు 1న విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల కొత్త క్రేను ఇట్టి బరువు పరీక్ష జరుగుచుండగా కూలెను. పదకొండుగురు మరణించిరి.

ఖలాసీ ‘ఈ త్రాడు వద్దు’ అనినప్పుడు ఏమగును? ఓడ కదలవలసిన వేళ, కాంట్రాక్టరు గడియారము చూచుచున్న వేళ, కొత్త త్రాడు గిడ్డంగిలో లేనివేళ ఆ మాటకు విలువ యెంత? పనిచోటి భద్రత యంతయు ఈ ప్రశ్నమీద నిలిచియున్నది. కొలత పనిముట్టు రెండు మిల్లీమీటర్ల తేడా చూపగలదు గాని, మేస్త్రీ ముందు నిలిచి వద్దనుటకు ధైర్యమును చూపలేదు. అందులకే మంచి కర్మాగారములలో ఒక నియమము కలదు: ఎవడైనను, ఎంత చిన్నవాడైనను, ‘ఆపు’ అనినచో క్రేను ఆగవలెను. ఎత్తుటకు ఆజ్ఞ ఇచ్చువాడు ఒక్కడే. ఆపుటకు అందరును అధికారులే.

త్రోసివేసిన త్రాటిని ఏమి చేయవలెనను ప్రశ్న చిన్నదిగా తోచును. గిడ్డంగి మూలన పడవేసినచో అది నెల తిరుగకముందే లేచివచ్చును. రాత్రి పనివాడు వెదకుకొని తెచ్చును. పాత ఇనుము వర్తకుడు కొని, నూనె పూసి, మరియొక ఊర అమ్మును. బ్రూక్లినులో త్రోసివేసిన తీగ నడచిన దారి అదే. అందుచేత పరీక్షకుడు పుస్తకమున ‘పనికిరాదు’ అని సంతకము చేసినంతనే ఇంటికి పోడు. కోతమంట తెప్పించి, తన కన్నుల ఎదుటనే ఆ స్లింగు రెండు కన్నులను కోయించును. నడుమ త్రాటిని గజమునకొక ముక్కగా తునుకలు చేయించును. పైనున్న గుర్తుబిళ్లను ఊడదీసి తన జేబులో వేసికొనును.